నాలుగు ఎంబ్రియోలు, తొమ్మిది రోజులు

నెల్లూరులో ఒక సంతాన సాఫల్య కేంద్రంలో నేను ఎంబ్రియాలజిస్టుని. కావలి నుంచి రోజూ రైల్లో వచ్చిపోతాను. డాక్టర్ల ముఖాలు తెలిసినట్టు పేషెంట్లకు నా ముఖం తెలియదు. అండాన్నీ వీర్యకణాన్నీ కలిపి, ఆ కలిసినదాన్ని అయిదారు రోజులు ఇంక్యుబేటర్ అనే పెట్టెలో పెంచడం నా పని. తల్లి కడుపులో ఉండే వెచ్చదనం, గాలి, తడి అన్నీ ఆ పెట్టెలో మేమే కల్పించాలి. ఆ గదిలోకి సెంటు పూసుకొని వెళ్ళకూడదు. పౌడరు కూడదు. తలలో పూలు అసలే కూడదు. మనకు సువాసన అనిపించేది ఆ చిన్న ప్రాణానికి చెరుపు చేయవచ్చు. బంధువుల పెళ్ళిళ్ళలో అమ్మ బలవంతాన పెట్టిన మల్లెపూలు కూడా ఆ పూటే తీసేసి, తలంటుకొని మర్నాడు పనికి పోయేదాన్ని. అంత జాగ్రత్త గల మనిషినని నాకు నా మీద నమ్మకం ఉండేది.

రెండేళ్ళ కిందట కోట అనే టౌను దగ్గరి ఊరి నుంచి ఒక జంట వచ్చారు. ఆయన సముద్రం ఒడ్డున రొయ్యపిల్లల్ని పెంచే హేచరీలో పనిచేస్తాడు. ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఆమెకు ముప్పై తొమ్మిదేళ్ళు. మూడుసార్లు నెల తప్పి, మూడుసార్లూ నిలవలేదు. అందుకని ఈసారి ఎంబ్రియోలను గర్భంలో పెట్టేముందే వాటి క్రోమోజోములు సరిగా ఉన్నాయో లేదో పరీక్ష చేయిద్దామని డాక్టరుగారు అన్నారు. మొదటి రోజు మా నర్సు పిండం అన్న మాట వాడితే ఆమె చెవులు మూసుకున్నంత పని చేసింది. ఆ మాట వద్దమ్మా, చావింట్లో వినే మాట అది, అంది. అప్పట్నుంచి అందరం ఎంబ్రియో అనే అన్నాం.

ఏడు అండాలు దొరికాయి. అయిదు కలిశాయి. నాలుగు అయిదోరోజు దాకా ఎదిగాయి. ఆ వయసుకు అది మంచి లెక్కే. నాలుగూ కనిపించే ఫొటో ఒకటి ప్రింటు తీసి ఇస్తే ఆమె చీరకొంగుతో తుడిచి చూసింది. ఒక్కోదాంట్లోంచి కొన్ని కణాలు తీసి పరీక్షకు చెన్నై పంపాం. ఎంబ్రియోలను చలిలో గడ్డకట్టించి దాచాం.

ఇంక్యుబేటర్ ముందు ఒక అంకె వెలుగుతూ ఉంటుంది. లోపల కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉందో అది చెబుతుంది. ఆ అంకెను ఉన్నదున్నట్టు నమ్మకూడదన్నది మా పనిలో మొదటి పాఠం. రోజూ పొద్దున వేరే మీటరు పెట్టి లోపలి గాలిని కొలిచి, రెండూ ఒకటేనా అని చూసుకోవాలి. ఆ రోజుల్లో మా మీటరు రిపేరుకు పోయింది. అది వచ్చేదాకా కొత్త కేసులు ఆపమని నేను అడగాల్సింది. అడగలేదు. అంకె బాగానే కనిపిస్తోంది కదా అనుకున్నాను. తొమ్మిది రోజులు ఆ అంకెనే చూసి రిజిస్టర్లో రాశాను. ఆ తొమ్మిది రోజుల్లో ఆ పెట్టెలో పెరిగినవి వాళ్ళ నాలుగే.

మీటరు తిరిగొచ్చాక లోపల పెట్టి చూశాను. ఉండాల్సిన దానికంటే గ్యాస్ బాగా తక్కువగా ఉంది. గ్యాస్ తగ్గితే ఎంబ్రియో పెరిగే ద్రవం గుణం మారుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక కణం రెండై, రెండు నాలుగై విడిపోతుంటాయి. విడిపోయిన ప్రతిసారీ క్రోమోజోములు సమంగా పంచుకోవాలి. పరిసరాలు బాగాలేకపోతే ఆ పంపకం తప్పవచ్చునని మా వాళ్ళందరికీ తెలుసు. ఫలానా ఎంబ్రియోలో తప్పింది దానివల్లేనని మాత్రం ఎవరూ చెప్పలేరు.

డాక్టరుగారికి వెంటనే చెప్పాను. నాకంటే చాలా పెద్దావిడ. నాకు పని నేర్పించింది ఆవిడే. ఆ పూటే పెట్టెను బాగు చేయించారు. రిపోర్టు రానీ, అన్నారు.

రిపోర్టు వచ్చింది. నాలుగూ పనికిరావు. ఒకదాంట్లో తప్పు అండం నుంచే, అంటే వయసు వల్ల వచ్చినట్టుంది. మిగతా మూడింట్లో కొన్ని కణాలు ఒకలా, కొన్ని ఇంకోలా కలగాపులగంగా ఉన్నాయి. విడిపోయేటప్పుడు జరిగిన పొరపాట్లు చాలావరకు అలా కనిపిస్తాయి. కాగితం తీసుకొని డాక్టరుగారి గదికి వెళ్ళాను.

"ఆ వయసులో ఇది మామూలే," అన్నారు డాక్టరుగారు. "నువ్వే రుజువు చేయలేని సంగతి తీసుకెళ్ళి వాళ్ళ నెత్తిన పెడితే వాళ్ళకేం మేలు?"

ఆవిడ మాటలో కపటం లేదు. అందుకే ఎదురు చెప్పలేకపోయాను.

వాళ్ళిద్దరినీ పిలిచి వయసు సంగతి వివరించారు. నేను పక్కన నిలబడ్డాను. ఆమె తల ఎత్తలేదు. ఆయన అంతా విని నావైపు తిరిగాడు.

"మా హేచరీలో పిల్ల దెబ్బతింటే ముందు నీళ్ళు చూస్తాం మేడం. ఉప్పెంత, వేడెంత అని. తల్లిరొయ్యని తర్వాత చూస్తాం. మీరు ఈడ ఏం చూస్తారు?"

"అన్నీ చూస్తాం, అన్నా," అని చెప్పాను. ఆయన తలూపాడు. బయటికి పోతూ ఆమె, "నావల్లే అయింది" అని ఆయనతో మెల్లగా అనడం నాకు వినబడింది.

మూడు వారాలు ఆ మాట నన్ను వదల్లేదు. రైల్లో కూర్చుంటే అదే, అన్నం ముందు అమ్మ ప్రార్థన చేస్తుంటే అదే. ఒక ఆదివారం చర్చికి పోకుండా నెల్లూరులో దిగి, కోట బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో వాళ్ళ ఊరికి పోయాను. మధ్యాహ్నం. ఆమె మిషను మీద జాకెట్టు కుడుతోంది. ఆయన అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. నన్ను చూసి మంచి కబురనుకొని ఆమె లేచి కుర్చీ వేసింది. ఆ కుర్చీలో కూర్చోలేకపోయాను. నిలబడే మొత్తం చెప్పాను.

ఆయన ఎన్ని రోజులని అడిగాడు. ఎంత తగ్గిందని అడిగాడు. మా ట్యాంకుల కాడ అట్ట జరిగితే ఆ పూటే పని మానిపించి ఇంటికి పంపుతారు మేడం, అన్నాడు. కోపంగా అనలేదు, పని తెలిసినవాడు ఇంకో పనివాళ్ళకు చెప్పినట్టు అన్నాడు.

ఆమె కుడుతున్న జాకెట్టు తీసి పక్కన పెట్టింది.

"అయితే తప్పు నాది కాదా?"

"చెప్పలేనక్కా. వయసు వల్ల కావచ్చు, మా వల్ల కావచ్చు. రెండూ కావచ్చు."

"అట్ట కాదు. ఒక్క మాట చెప్పు. నాదా, మీదా?"

"తెలియదక్కా."

"ఇన్నాళ్ళూ నాదేలే అని సరిపెట్టుకోనుండా," అంది ఆమె. "ఇప్పుడు దేన్ని పట్టుకోవాల?"

నిజం చెబితే ఆమె మీది బరువు దిగుతుందనుకొని పోయాను. నా బరువు కూడా కొంత దిగుతుందని ఆశపడ్డాను, అదీ దాచను. రెండూ జరగలేదు. మజ్జిగ ఇచ్చారు. తాగి వచ్చేశాను.

సోమవారం డాక్టరుగారికి చెప్పాను. ఆవిడ నాతో చాలా రోజులు పని మాటలు తప్ప మాట్లాడలేదు. అయినా వాళ్ళకు ఫోను చేసి, ఇంకోసారి చేద్దాం, బాధ్యత మాది, అన్నది ఆవిడే. నాలుగు నెలల తర్వాత మళ్ళీ మొదలుపెట్టాం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గ్యాస్ కొలిచాను. ఏ తేడా లేదు. ఈసారి దొరికినవి మూడు అండాలే. అయిదోరోజుకు మిగిలింది ఒక్కటి. దాని రిపోర్టు కూడా బాగాలేదు. అది అండం నుంచి వచ్చే తప్పేనన్నారు.

ల్యాబులో అందరి మొహాలూ తేలికపడ్డాయి. డాక్టరుగారు నా భుజం మీద చెయ్యి వేశారు. ముందరి నాలుగూ మా పెట్టె వల్ల పోలేదని ఆ ఒక్కటి సాక్ష్యం చెప్పినట్టు వాళ్ళు అనుకున్నారు. నాకలా అనిపించలేదు. ఆ నాలుగు వేరు, ఇది వేరు.

దాచిన అయిదింటినీ ఇక ఉంచకుండా తీసేయడానికి ఒప్పుకుంటూ వాళ్ళు సంతకం పెట్టాలి. ఇద్దరూ వచ్చారు. ఆమె కాగితం నాకిచ్చి చదవమంది. చదివాను. ఇష్టమైతే ఇంకో ఏడాది ఉంచవచ్చక్కా, అన్నాను.

"ఉంచి ఏం చేసేది?" అని సంతకం పెట్టింది.

కోట బస్సుకు టైమవుతోందని ఆయన లేచాడు. వాళ్ళు మళ్ళీ రాలేదు.

మర్నాడు, ఆ పని నేను చేస్తాలే అని నాతో పనిచేసే అమ్మాయి అంది. వద్దని నేనే తీశాను. అయిదింటినీ తీసేయడానికి కొన్ని నిమిషాలు కూడా పట్టలేదు. రిజిస్టర్లో తారీఖు వేసి నా పేరు రాశాను. పక్క గదిలో మరొకామెకు మత్తు ఇస్తున్నారు. ఆమె అండాలు అందుకోవడానికి చేతులు కడుక్కున్నాను.