నల్లచార చిక్కుడు

కన్నమ్మ అడిగినవాళ్లకు కూర పెట్టేది గానీ విత్తనం మాత్రం ఇచ్చేది కాదు. పర్ణశాలకు దిగువన గోదావరి ఒడ్డునున్న ఆ చిన్న కోయగూడెంలో ఇది అందరికీ తెలిసిన సంగతే. ఇంటి వెనక నాలుగు గుంటల పెరడు. వానలు పడ్డాక దోస, బీర, మక్కకంకులు. ఎండలు ముదిరేదాకా మునగాకు, గోంగూర. చలికాలం వస్తే ఇక చిక్కుడే. పొట్టిగా, వెడల్పుగా ఉండే ఆ కాయకు అంచు వెంట సన్నటి నల్లచార ఉండేది. పెళ్లయి అత్తగారింటికి వస్తుంటే తల్లి కొంగున కట్టి పంపిన గింజలవి. అలాంటి చిక్కుడు చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు.

ఆ గూడెంలో ఏ పంటనైనా ముందు ముత్యాలమ్మకు పెట్టాకే మనుషులు నోట పెట్టాలి. ఆ పండుగలను కొత్తలు అంటారు. ఎండాకాలం చివర విత్తనాల పండుగతో మొదలై, దసరా వెళ్లాక కొత్తబియ్యం, పుష్యమాసంలో చిక్కుడు కొత్తలు. చిక్కుడు కొత్తల రోజున ఇంటింటి నుంచీ చేటల్లో కాయలు తెచ్చినా పూజారి చెయ్యి ముందు కన్నమ్మ చేట మీదికే పోయేది. ఆ తర్వాత ఆమె ఎండుచేపలు, చింతపండు వేసి పెద్ద కుండ నిండా కూర వండేది. పక్కన వేడి జొన్నగటక. ఆ కుండ అడుగు కనపడేదాకా ఆమె కూర్చునేది కాదు.

ఒక్కతే కూతురు దుర్గ. పెనుబల్లి దగ్గరి ఊరికి ఇచ్చారు. అక్కడ మొగుడితో పాటు పామాయిల్ తోటల్లో గెలలు మోసే పనికి పోతుంది. పెళ్లయిన ఏడు పండుగకు వచ్చి, తిరిగి పోయేరోజున తల్లిని అడిగింది.

"అమ్మా, నాలుగు గింజలియ్యవే. మా ఇంటి గోడ పక్కన పెట్టుకుంట."

"నా పెరడుండంగ నీకెందుకు బిడ్డా? పండక్కి రా. కడుపునిండ తిను, మూట కట్టుకొని పో."

"గది కాదే..."

"వద్దంటి గద."

కన్నమ్మ మనసులో మాట వేరే. గింజ ఇస్తే పిల్ల అక్కడే పండించుకుంటుంది, అక్కడే వండుకుంటుంది. రెండు బస్సులు మారి ఇంత దూరం ఎందుకొస్తుంది? ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. మొగుడు పగిడయ్యకు మాత్రం తెలుసు. తెలిసీ ఊరుకున్నాడు. దుర్గ ప్రతి ఏడూ వచ్చింది. తల్లి లెక్క తప్పలేదు.

ఒక ఏడు జూలైలో గోదావరి ఎన్నడూ లేనంతగా పొంగింది. ఊళ్లోకి ట్రాక్టరు వచ్చి ఆగింది. మెరక మీదున్న బడికి జల్దీ పోవాలని కేకలు. కన్నమ్మ కార్డులు, రెండు చీరలు, కోళ్ల గంప పట్టుకుని ఎక్కింది. చిక్కుడు గింజలు బూడిదలో కలిపి, ఎండిన ఆనపకాయ బుర్రలో పోసి, మూతికి మట్టి పూసి ఇంటి వాసానికి కట్టి ఉన్నాయి. పగిడయ్య గడపలోనే నిలబడ్డాడు.

"బుర్ర దించమంటవా?"

"దూలం దాక నీళ్లొస్తయా ఏంది! వానకు తడిస్తే గింజ మొత్తం బూజు పడ్తది. ఉండనియ్. నువ్వెక్కు."

అతను ఎక్కాడు.

బడిలో తొమ్మిది రోజులున్నారు. తిరిగి వచ్చేసరికి ఇంటి పైకప్పు సగం లేదు. ఉన్న గోడ మీద నీటి గీత దూలానికి జానెడు పైన ఉంది. వాసానికి కట్టిన తాడు ఉంది గానీ బుర్ర లేదు. తొలకరికి పెట్టిన చిక్కుడు మొలకల మీద మోకాలి లోతు ఒండ్రు పేరుకుంది. కన్నమ్మ రెండు చేతులతో ఆ బురద తవ్వింది. ఆ రోజు, మర్నాడు, ఆ మర్నాడు కూడా. గోళ్లు ఊడొచ్చాయి. పక్కింటి శ్యామల వచ్చి భుజం పట్టుకుని లేపింది.

"లే అత్తా. ఇంకేముంది గిందుల?"

"ఒక్క గింజ చాలే శ్యామలా. ఒక్కటి దొరికితే చాలు."

దొరకలేదు. ఒండ్రు ఎండి పగుళ్లు తేలాక ఆమె ఊళ్లు తిరగడం మొదలుపెట్టింది. తల్లిగారి గూడెంలో అడిగింది. ఆ ఇంట్లో ఎప్పుడో పత్తి పెట్టి చిక్కుడు మానేశారట. అడవి లోపలి పల్లెల్లో అడిగింది. వాళ్లు చూపించిన కాయల్లో తెల్లవి ఉన్నాయి, ఎర్రవి ఉన్నాయి, నల్లచారవి లేవు. ఒక ముసలామె మాత్రం పాతమాట గుర్తుపెట్టుకుంది.

"మీ పెరటి కాయే గదనే అది? పదేండ్ల కింద నిన్నడిగితి. ఇయ్యకపోతివి."

కన్నమ్మ కొంగు సర్దుకుని పక్క పల్లెకు నడిచింది.

కార్తీకంలో దుర్గ దగ్గరికి పోయింది. కిరాయి గది ముందు రంగుడబ్బాల్లో మిరప మొక్కలు. గోడ మీదికి ఏపుగా పాకిన చిక్కుడు తీగ! కన్నమ్మ చేతిసంచి అక్కడే వదిలేసి తీగ దగ్గరికి పరిగెత్తింది. ఆకులు పక్కకు జరిపి ఒక కాయ పట్టుకుని చూసింది. పొడుగ్గా, సన్నగా, అంచు నుంచి అంచుదాకా ఒకటే పచ్చ.

"సత్తుపల్లి దుకాణంల కొన్న ప్యాకెటమ్మా. కాపు మంచిగొస్తది గని రుచుండదు," అంది దుర్గ వెనక నుంచి.

అన్నం తిన్నాక, గిన్నెలు కడుగుతున్న కూతురి పక్కన చేరి కన్నమ్మ మెల్లగా అడిగింది.

"బిడ్డా, ఎన్నడన్న నాకు చెప్పకుంట మన గింజ తెచ్చుకున్నవా? తెచ్చుకుంటే చెప్పు. తిట్టను. నీ మీద ఒట్టు."

దుర్గ చెయ్యి ఆగింది.

"నువ్వొద్దన్నవు గదమ్మా."

గిన్నె కడిగి బోర్లించింది. తర్వాత తనే అంది. "ఒకసారి బుర్రల చెయ్యి పెట్టిన. నాలుగు గింజలు తీసిన, కొంగున ముడేసిన. బస్సు దాక పోయి, మనసొప్పక, మళ్లొచ్చి అండ్లనే ఏసిన. నీకెరుకైతే బాధపడ్తవని."

కన్నమ్మ మర్నాడు పొద్దున్నే బస్సెక్కింది. భద్రాచలం వంతెన మీద బస్సు ఆగితే కింద గోదావరి ఏమీ ఎరగనట్టు పలచగా పారుతోంది. ఆమె మొహం అటు తిప్పలేదు.

పుష్యంలో చిక్కుడు కొత్తలు వచ్చాయి. వరద ఒండ్రుకు ఆ ఏడు గూడెంలో ఎవరి పెరడూ కాయలేదు. అందరూ భద్రాచలం సంతలో కిలోల లెక్కన కొని తెచ్చారు. అమ్మవారి ముందు పూజారి ఎప్పటిలాగే చేటల వైపు చూసి "ఎవరి పెరటివి?" అని అడిగాడు. అలవాటుగా వచ్చిన మాట. ఆయన తలవంచుకుని దగ్గరున్న చేటలోంచి గుప్పెడు తీసుకున్నాడు.

దుర్గ రాలేదు. ఫోన్ చేసింది.

"పని దొరుకుతున్నదమ్మా. ఇడిసి రాలేను. ఈసారి మన కాయ గూడ లేకపాయె గద."

"అవ్ బిడ్డా," అంది కన్నమ్మ.

ఆ రోజు ఆమె చిన్న గిన్నెలో వండింది. పగిడయ్య రెండు ముద్దలు తిని "మంచిగనే ఉంది" అన్నాడు. గిన్నె విసురుగా పక్కకు నెట్టి ఆమె లేచిపోయింది. అతనలా అనకుండా ఉంటే బాగుండేది. ఆ రోజు ట్రాక్టరు దగ్గర తానేం అడిగాడో, ఆమె ఏమందో అతను ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆ మౌనం కింద ఆమె రోజురోజుకూ నలిగిపోతోంది.

మరుసటి వానలకు పగిడయ్యే దుకాణం ప్యాకెట్ తెచ్చి పెరట్లో గింజలు నాటాడు, పందిరి వేశాడు. కన్నమ్మ నీళ్లు పోసిన రోజు పోసింది, లేని రోజు లేదు. తీగ పందిరెక్కి గుబురుగా కమ్ముకుంది. మొదటి పూత కనపడిన పొద్దున ఆమె వెళ్లి పెరటి తడిక తీసి పక్కన పడేసింది. దారిన పోతున్న జంపయ్య మేకలు ఆగి, లోపలికి తొంగి చూసి, ఒకదాని వెనక ఒకటి చొరబడ్డాయి.

పగిడయ్య కర్ర పట్టుకుని ఉరికొచ్చాడు.

"తిననియ్," అంది కన్నమ్మ.

"ఏందే గిది? పూతమీదున్న తీగ!"

"తిననియ్యంటున్న గద." ఆమె గొంతు పెరగలేదు. "నువ్వు బుర్ర దించుతనన్నవు. నేనే వద్దంటి. ఒక్కసారన్న తిట్టరాదు నన్ను?"

అతను తిట్టలేదు. కర్ర కింద పడేసి, మేకలను తోలకుండానే ముందు వాకిట్లోకి పోయి కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి ఆకు మిగల్లేదు. కన్నమ్మ పందిరి గుంజలు ఒక్కొక్కటే పీకి, విరిచి పొయ్యిలో పెట్టింది. వానలకు నాని ఉండడంతో ఇల్లంతా పొగ కమ్మింది. రేషన్ బియ్యం ఉడికాయి గానీ కూరకు ఏం చేయాలో ఆమెకు తోచలేదు. ఉప్పూ కారం కలుపుకుని ఇద్దరూ తిన్నారు.