బావి గట్టు మీది అంగీ

నా చిన్నప్పుడు మా ఊళ్ళో సినిమా చివర చూసిన మనిషి ఒక్కరు కూడా లేరు. మా ఊరు పెద్దవంగర దిక్కు. సినిమా చూడాలంటే జనగామ పోవాలి. పొద్దున ఏదో పని మీద పోయినవాళ్ళు ఆ పని చూసుకొని మాట్నీకి కూర్చునేవాళ్ళు. ఆట ఇంకో అరగంట ఉందనగానే మా వైపు వచ్చే ఆఖరి బస్సుకు వేళయ్యేది. కథ ఎంత పట్టు మీద ఉన్నా మా ఊరివాళ్ళు చీకట్లో పక్కవాళ్ళ కాళ్ళు తొక్కుకుంటూ లేచి బస్సుకు ఉరికేవాళ్ళు. చూడని ఆ అరగంటలో ఏం జరిగి ఉంటుందో ఊరికొచ్చినాక ఎవరికి తోచింది వాళ్ళు చెప్పేవాళ్ళు. చెప్పడమేంది, కొట్లాడుకునేవాళ్ళు.

ఇప్పుడు భూపాలపల్లిలో మా పెద్దోడి దగ్గర ఉంటున్నాను. మొన్న మా మనవరాలు ఏదో సినిమా గురించి జనం రాసిన మాటలు ఫోనులో చదివి వినిపించింది. చిన్నపిల్లను ఎత్తుకుపోయే కథట. ఒకాయన ఊపిరి బిగబట్టి చూశానన్నాడు. ఒకామె తప్పంతా తల్లిదేనంది. ఇంకొకాయన దొంగెవరో మొదటి పది నిమిషాల్లోనే కనిపెట్టానని గొప్పలు పోయాడు. ఒకతను మాత్రం చివరికి ఏమవుతుందో రాసి పెట్టాడు. అతన్ని మిగతావాళ్ళు తిట్టిన తిట్లను మనవరాలు చదవకుండా దాటేసింది. అలాంటి తిట్లు తినవలసిన పని పదేండ్లప్పుడు నేనూ చేశాను. నేను చూడని సినిమాకు చివర చెప్పాను.

నేను బడికి పోలేదు. బడి వాగు అవతల ఉండేది, వాగు దాటించేవాళ్ళు లేరు. మా తాతే ఇంట్లో పలక పట్టించి దిద్దించాడు. చదవడం వచ్చినాక దేవుడి కథల పుస్తకం ఒకటి చేతికిచ్చి, నేర్చుకున్నది నలుగురికీ వినిపిస్తేనే నీకు నిలుస్తుందని చెప్పాడు. మాఘమాసంలో మా మిరప కల్లంలో ఆడవాళ్ళు ఏడెనిమిది మంది ముక్కుకు కొంగు కట్టుకొని కూర్చునేవాళ్ళు. ఎండిన కాయల రాశిలోంచి తెల్లబడిన తాలు కాయలు ఏరి పక్కకు వేయడం వాళ్ళ పని. వాళ్ళ మధ్య గోనెసంచి పరిచి నన్ను కూర్చోబెట్టేవాడు తాత. నేను చదువుతుంటే వాళ్ళు ఏరేవాళ్ళు. మధ్యలో తుమ్ములు, దగ్గులు. పేజీ తిప్పినప్పుడల్లా ఎవరో ఒకరు, "ఎంత సక్కగ సదువుతున్నది పొల్ల" అనేవాళ్ళు. ఆ మాట కోసమే నేను పేజీలు తొందరగా తిప్పేదాన్నని తాతకు తెలియదు. దేవుడికి తెలుసు.

ఆ ఆడవాళ్ళలో మూలింటి అవ్వ ఒకతి. ఇరవై ఏండ్ల కింద జాతరలో, నెత్తి మీది బెల్లం గంప దించడానికి నాలుగేండ్ల కొడుకు చెయ్యి విడిచిందట. గంప దించి చూసేసరికి పిల్లగాడు లేడు. మళ్ళీ దొరకలేదు. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే అయినా ఆమె ముందు ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. నేను చదువుతుంటే అవ్వ కునికేది. ముసలితనం కదా అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని.

అట్లా ఉండగా మా పక్కింటి అక్క వాళ్ళ నాయినతో కలిసి జనగామ దవాఖానకు పోయి, ఆ రోజే మాట్నీ చూసి వచ్చింది. అక్కకు అప్పుడు ఇరవై ఏండ్లు ఉంటాయేమో. మరునాడు కల్లంలో కూర్చోగానే కథ మొదలుపెట్టింది. రైలు స్టేషన్లో తల్లి నీళ్ళు పట్టుకొచ్చేలోపల పిల్లగాణ్ణి ఎవరో ఎత్తుకుపోయారు. రోజుకో ఉత్తరం వస్తుంది. మేనమామ మీద అనుమానం, కారు నడిపేవాడి మీద అనుమానం, ఇంట్లో పిల్లగాణ్ణి ఆడించే ఆమె మీద అనుమానం. అక్క ఒక్కరోజులో చెప్పి ఊరుకోలేదు. రోజూ ఇంత ఇంత చెప్పి, సరిగ్గా అనుమానం పెరిగే చోట ఆపి, "ఇగ రేపు" అనేది. నాలుగో రోజుకు బస్సు కోసం తను లేచి వచ్చిన చోటికి కథ చేరింది. అక్కడి నుంచి ఎవరి తీర్పు వాళ్ళది.

"మేనమామనే. వాని మీసమే సెప్తున్నది," అన్నది ఒక చిన్నమ్మ.

"మీసం నువ్వు సూసినవా?"

"అది సెప్తుంటే కనవడలే?"

"తల్లిని అనాలె ముందుగాల. పసిపిల్లగాణ్ణి ఇడిసి నీళ్ళకు పోతదా ఎవతన్న?" అని ఒకామె అనేసింది. అని, మూలింటి అవ్వ దిక్కు చూసి నాలుక కరుచుకుంది. అవ్వ ఆ మాట విన్నట్టే లేదు. చేతిలో ఒక తాలు కాయ పట్టుకొని, దాన్ని వేయడం మరిచి, అక్కనే చూస్తూ ఉంది. నేను చదివితే కునికే అవ్వ.

నా పుస్తకం సంగతి ఎవరూ అడగలేదు. మొదటి రోజు అడుగుతారని ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. రెండో రోజు గొంతు సవరించుకున్నాను. "జర ఆగు బిడ్డా, అక్కను సెప్పనియ్యి" అన్నారు. మూడో రోజు పుస్తకం ఇంట్లోనే వదిలి వచ్చాను. అయినా అక్క చెప్పేది ఒక్క మాట పోకుండా విన్నాను. బాగుందని కాదు, ఎక్కడ తప్పు దొరుకుతుందా అని. అంత శ్రద్ధగా దేవుడి కథ కూడా ఎన్నడూ వినలేదు. అక్క నవ్వు నచ్చలేదు, అక్క చేతులు ఆడించే తీరు నచ్చలేదు, పోయి పోయి దవాఖాన వంకతో సినిమా చూడడం అసలే నచ్చలేదు. సాయంత్రం దీపం ముందు కూర్చొని, అక్క గొంతు పోవాలని మొక్కుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది, కానీ మొక్కుకున్న మాట నిజం.

ఐదో రోజు అవ్వ అందరికంటే ముందే వచ్చి అక్క పక్కన కూర్చుంది. ఎన్నడూ నోరు విప్పనిది, ఆ రోజు మెల్లగా అడిగింది. "బిడ్డా, నీకేమనిపిస్తది, ఆ పిల్లగాడు దొరుకుతడా?"

అక్క ఏదో చెప్పబోయింది. నేను ఆగలేకపోయాను. అవ్వ అడిగిన ఆ ప్రశ్న కూడా అక్కకే పోవడం నా కడుపులో మండింది.

"నాకు ఎరుకే. తొర్రూరు నుంచి మా మామ వచ్చిండు, ఆయిన సినిమా ఆఖరిదాక చూసిండు," అన్నాను. "పిల్లగాడు దొరకడు. బాయిల పడి సచ్చిపోతడు."

మామ రాలేదు. సినిమాలో బావి ఉందో లేదో నాకు తెలియదు. ఊళ్ళో మొదటిసారి సినిమా చివర తెలిసిన మనిషిని నేనే అయ్యానన్న గర్వం ఒక్క క్షణం ఉంది. ఆ తర్వాత కల్లంలో చప్పుడు ఆగిపోయింది. ఎండిన కాయల గలగల కూడా లేదు. అవ్వ చేతిలోని కాయ పక్కన పెట్టి, రెండు చేతులూ నేల మీద ఆనించి లేవబోయింది. ఆమె ముఖం చూసినాకనే నేను ఏమన్నానో నాకు అర్థమైంది. 

"కూసో అవ్వా," అన్నది అక్క. గొంతులో తొందర లేదు, కోపం లేదు. కొంగు కిందికి లాక్కొని నా దిక్కు తిరిగి, "మీ మామ గూడ బస్సుకే లేసొచ్చినట్టున్నడు" అన్నది.

ఒకరిద్దరు నవ్వారు. అవ్వ సగం లేచినదల్లా అట్లనే ఆగింది.

"బాయి ఉన్న మాట నిజమే," అన్నది అక్క. "నేనే సెప్పుడు మర్సిపోయిన. పోలీసోళ్ళు గూడ మొదలు గట్లనే అనుకుంటరు. గని బాయి గట్టు మీద దొరికింది అంగీ ఒక్కటే. పిల్లగాడు గాదు."

"అంగీని తల్లి గుర్తుపట్టిందా?" అని అవ్వ అడిగింది.

"పట్టింది. మడతపెట్టి ఉన్నదవ్వా ఆ అంగీ. పడ్డ పిల్లగాడు అంగీ ఇప్పి, మడతపెట్టి పడతడా? ఎవరో ఇప్పిండ్రు. వేరే అంగీ తొడిగిండ్రు. సచ్చిన పిల్లగానికి కొత్త అంగీ ఎవలు తొడుగుతరు? బతికున్నోనికే గద."

అవ్వ మెల్లగా కూర్చుంది. "అవు, బతికున్నోనికే" అన్నది తనలో తనే. మీసం చిన్నమ్మ వెంటనే అందుకుంది, మేనమామకు పిల్లల్లేరు, కాబట్టి వాడే పెంచుకుంటున్నాడని. ఇంకొకామె కాదు, ఆడించే ఆమె తన కొడుకు అంగీ తొడిగి ఉంటుందన్నది. కాయలు మళ్ళీ గలగలమన్నాయి.

నేను తల దించుకొని కూర్చున్నాను. అక్క చెప్పింది నాలుగు రోజులూ అక్షరం పొల్లుపోకుండా విన్నదాన్ని. అందులో బావి లేదు, అంగీ లేదు. మామ మాట అబద్ధమని అక్క కూడా కనిపెట్టిందని నాకు తెలిసిపోయింది. ఆ మాట అక్క ఇప్పుడు పదిమందిలో అంటుంది, అనాలి కూడా అనుకున్నాను. అంటే బాగుండుననిపించింది. అన్నదంటే అక్కను ఇంకా ద్వేషించవచ్చు.

అక్క నన్ను పిలిచింది. "చెల్లే, తల్లి ఆ అంగీ పట్టుకొని దేవుని ముందు మొక్కుతది. గా మొక్కుడు నాకు సెప్పుడు రాదు. నువ్వు సదువుకున్నదానివి, నువ్వు సెప్పు."

అందరూ నా దిక్కు తిరిగారు. నాలుగు రోజులుగా నేను ఎదురుచూసింది ఆ చూపుల కోసమే. వచ్చినప్పుడు మాత్రం నాకు పారిపోవాలనిపించింది. ఏం చెప్పాలో తెలియక కళ్ళు మూసుకున్నాను. పుస్తకంలోని పద్యం ఒక్కటీ గుర్తు రాలేదు. నోటికి వచ్చింది చెప్పాను. నా పిల్లగాడు ఎవరింట్ల ఉంటే వాళ్ళింట్ల వానికి ఆకలైతే బువ్వ పెట్టించు స్వామీ, చలి పెడితే కప్పించు, వాడు నన్ను మరిచిపోయినా సరే, వాణ్ణి ఎవరో ఒకరు బిడ్డా అని పిలిచేటట్టు చూడు. అంతే చెప్పగలిగాను. కళ్ళు తెరిచేసరికి అవ్వ కునకడం లేదు. అది కారం అంటిన చెయ్యి అని మరిచి కళ్ళు తుడుచుకోబోతుంటే అక్క ఆ చెయ్యి పట్టుకొని తన కొంగుతో తుడిచింది.

సాయంత్రం ఇంటికి పోతూ అక్క వెనకాలే నడిచాను. ఎంతకీ ఏమీ అనకపోతే నేనే అడిగాను. "అక్కా, సినిమాల నిజంగ అంగీ ఉన్నదా?"

"బాయి ఉన్నదా?" అన్నది అక్క.

నేను ఏడ్చాను. అక్క ఊరడించలేదు, తిట్టలేదు. వాళ్ళ ఇంటి ముందు ఆగి, "రేపు పుస్తకం తెచ్చుకో. నా కథ అయిపోయింది, నా గొంతు గూడ పోయింది" అని లోపలికి వెళ్ళింది. నిజంగానే గొంతు బొంగురుపోయి ఉంది. రోజంతా ఆ కారం ఘాటులో అంత మాట్లాడితే ఎవరికైనా పోతుంది. నేను మాత్రం ఇంటికి పోయి, దీపం ముందు కూర్చొని, నేను అడిగింది వెనక్కి తీసుకోమని దేవుణ్ణి చాలాసేపు బతిమాలాను.

ఆ మరునాటి నుంచి మళ్ళీ పుస్తకం చదివాను. అవ్వ మాత్రం కల్లం పని ముగిసినాక కూడా మా ఇంటికి వచ్చి, "బిడ్డా, ఆ తల్లి మొక్కింది ఒకసారి సెప్పు" అని అడిగేది. నేను పెండ్లయి వెళ్ళేదాకా అడుగుతూనే ఉంది. కొడుకు రాలేదు. వస్తాడని నేనెన్నడూ చెప్పలేదు, రాడని కూడా చెప్పలేదు. మొక్కు మాత్రం చెప్పాను. ఆమె పోయినప్పుడు నేను దగ్గర లేను.

ఓర్వలేనితనం నన్ను వదిలిందని చెప్పుకోను. ఇక్కడ మా వీధిలో శనివారం భజనలో నాకంటే చిన్నది ఒకామె నాకంటే బాగా పాడుతుంది. అందరూ ఆమెనే ఇంకొకటి పాడమంటారు. నాకు ఇప్పటికీ ఓర్వబుద్ధి కాదు. అప్పుడు నోరు తెరిచి, "అమ్మా, ఇంకోటి పాడు" అని అందరికంటే ముందు నేనే అంటాను. మనసొప్పి అనను. అన్నాక మెల్లగా ఒప్పుతుంది. ఆ పని చేయడం పక్కింటి అక్క నేర్పింది. నా అబద్ధాన్ని నా ముఖాన కొట్టగలిగి ఉండి, దానికి తన కథలో ఇంత చోటిచ్చి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఆమెకు రుణపడి ఉన్నాననే మాట ఆమెతో అనలేకపోయాను. దేవుడితో రోజూ అంటాను.

దీపం పెట్టినప్పుడు ముందు మా పిల్లల కోసం, మనవలు మనవరాండ్ల కోసం మొక్కుతాను. ఆఖరున మూలింటి అవ్వ కొడుకు కోసం. బతికి ఉంటే వాడిప్పుడు నాకంటే పద్నాలుగేండ్లు పెద్ద, ఎనభైకి దగ్గరపడిన ముసలాయన. నేను మాత్రం ఇంకా నాలుగేండ్ల పిల్లగాడి కోసం అడిగినట్టే అడుగుతాను. ఆకలైతే బువ్వ పెట్టించు స్వామీ, చలి పెడితే కప్పించు.