హదస్సక్క ఇంటికి తాళం

మెట్టుగూడలో రైలు పట్టాల వెనకాల మా బస్తీ. మూడు వందల పైచిలుకు ఇళ్ళు. ఏ ఇంట్లో ఎందరుంటారో, ఎవరింటి మురికినీళ్ళు ఎవరి గుమ్మం ముందు పారతాయో హదస్సక్కకు తెలిసినంతగా ఆ ఇంటివాళ్ళకే తెలియదు. అక్క ఒక బడిలో ఆయా. భర్త జకర్యా పోయి ఆరేళ్ళయింది, పిల్లల్లేరు. ఇరవై ఆరేళ్ళుగా అదే ఇల్లు, రెండు గదులు, పైన రేకులు. నేను భద్రయ్యను, బస్తీ మొదట్లో ఇస్త్రీ బండి నాదే. ఈ సంగతి చెప్పేటప్పుడు నాకు కోపం వస్తుంది, ఏమీ అనుకోకండి.

నిరుడు సర్కారులో పైవాళ్ళకు ఉన్నట్టుండి మా మీద ప్రేమ పుట్టుకొచ్చింది. బస్తీ పడగొట్టి అక్కడే ఫ్లాట్లు కడతారట. మమ్మల్ని అడగకుండా ఒక్క గీత కూడా గీయరట. దాని పేరు ప్రజల భాగస్వామ్యం. ముందు ఇల్లిల్లూ కొలిచి పేర్లు రాసే సర్వేకు సృజన అనే అమ్మాయి వచ్చింది. ప్లానింగ్ చదువుకుంది, మంచి పిల్ల, మాట మెత్తన. మా సందుల్లోకి వచ్చిన పది నిమిషాలకే దారి తప్పింది. ఇక హదస్సక్క ఊరుకుంటుందా! బడికి మూడు రోజులు సెలవు పెట్టి, ఇంటికి తాళం వేసి, సర్వేవాళ్ళ ముందు నడిచింది.

"లచ్చమ్మా, గా మంచం జెర పక్కకు జరుపు, మేడమ్ కొలవాలె." "ఏందీ, గట్ల దాక్కుంటరు? బయటికి రాండ్రి, మన మంచికే!" మూడు రోజులు బస్తీ అంతా ఆ గొంతే. నేను బండి దగ్గర ఉండిపోతే వచ్చి, బొగ్గుల పెట్టె పక్కన పెట్టించి, ఇంటికి తోలుకెళ్ళి మరీ నా పేరు రాయించింది.

సర్వేకు రెండు జట్లు. సృజన జట్టు హదస్సక్కతో కింద మురుగు నాలా వైపు తిరిగింది. రెండో జట్టు పై సందుల్లో తిరిగింది. అక్క ఇల్లుండేది పైనే. తాళం వేసిన ఇంటికి మూడు రోజులు మూడుసార్లు వెళ్ళాలని వాళ్ళ రూలు. మూడుసార్లూ తాళమే ఉంటే అందులో ఎవరూ కాపురం ఉండటం లేదని రాసుకోవాలి. పాపం, వాళ్ళు రూలు తప్పలేదు. మూడుసార్లూ వెళ్ళారు, మూడుసార్లూ తాళమే చూశారు. తాళం వేసిన మనిషి కింద మా ఇళ్ళు రాయిస్తోంది. తన ఇల్లు వాళ్ళే రాసుకుని ఉంటారని అక్క అనుకుంది. రెండో జట్టు రాసే ఉంటుందని సృజన అనుకుంది.

సర్వేలో పేరున్నవాళ్ళకు స్లిప్పులిచ్చే రోజు కమ్యూనిటీ హాల్లో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని మీద చెయ్యి చాపి దారి చూపిస్తున్న హదస్సక్క ఫొటో, కింద 'మీ బస్తీకి మీరే రూపకర్తలు' అని అక్షరాలు. పేర్లన్నీ చదివారు. అక్క పేరు రాలేదు.

"రెండు కాయితాలు అతుక్కున్నట్టున్నయి బిడ్డా, మళ్ళ చూడు" అని అక్క నవ్వింది.

సృజన రెండుసార్లు చూసింది. మూడోసారి చూడలేదు, ఏడ్చేసింది. స్లిప్పు లేకపోతే ఫ్లాటు లేదు. ఉన్న ఇంటిని మాత్రం అందరితోపాటూ పడగొడతారు.

ఆఫీసుకు నేనే వెంట వెళ్ళాను. అక్క తన ఫొటో ఉన్న కరపత్రం తీసి టేబుల్ మీద పెట్టింది. సారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది సర్వే అప్పటి ఫొటోయే కదమ్మా?"

"అవు సార్. మూడు దినాలు నేనే అంత తిప్పిన."

"అంటే ఆ మూడు రోజులూ మీరు ఇంట్లో లేరు. మావాళ్ళు రాసింది కరెక్టే కదా!"

ఆహా, ఏం తెలివి! నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇరవై ఆరేండ్ల సంది గాడనే ఉంటున్నది సార్!" అని అరిచాను. నా అరుపుకో, సృజన బతిమాలినందుకో, చివరికి మళ్ళీ సర్వేకు ఒప్పుకున్నాడు. గురువారం మనిషి వస్తాడు, పదినుంచి ఐదింటిదాకా ఇల్లు కదలకూడదు, ఇదే ఆఖరు.

గురువారం అక్క పొద్దున్నే గడప మీద కూర్చుంది. పదకొండింటికి ఆ మనిషి మెయిన్ రోడ్డు మీద నిలబడి ఫోన్ చేశాడు. సర్వేలో ఇళ్ళకు నంబర్లు వేశారు గానీ, రాయని ఇంటికి నంబరెక్కడిది?

"దారి తెలుస్తలేదమ్మా, జెర రోడ్డు మీదికి రాండ్రి."

"నేను రాను సార్. ఒకసారి బయటికి పోయినందుకే గిట్లయింది. నేను ఇటు వస్తుంటే మీరు అటు నుంచి వస్తిరా, ఇంట్ల ఎవ్వరు లేరని రాస్తరు."

"అట్లయితే ఎవర్నన్న పంపుండ్రి. లోకల్ వాళ్ళు మస్తుమంది ఉంటరు కద!"

ఆ లోకల్ వాళ్ళం మేమే. స్లిప్పులున్నవాళ్ళకు నమూనా ఫ్లాటు చూపించడానికి సరిగ్గా ఆ రోజే బస్సులు పెట్టారు. ఏ.ఎస్. రావు నగర్ అవతలికి, మధ్యాహ్నం భోజనంతో సహా ఉచితం. పిల్లాజెల్లాతో అందరం ఎక్కేశాం. ఆ రోజు అక్క ఇంటికి మనిషి వస్తాడని నాకు గుర్తు లేదా అంటే, ఉంది. ఇంట్లో ఉండాల్సింది అక్క కదా, నేనెందుకు అనుకున్నాను. ఫోన్ మోగేటప్పటికి ఆ ఫ్లాటు బాత్రూమ్‌లో నల్లా తిప్పి చూస్తున్నాను.

"తమ్ముడూ, యాడున్నవ్? దారి చూపెట్టనీకి ఒక్క మనిషి కావాలె."

అప్పటికే ఏడుగురికి చేసిందట. ఆ ఏడుగురూ నా పక్క గదిలోనే ఉన్నారు, వంటగట్టు మీద చెయ్యి వేసి చూస్తూ.

గంటసేపు నిలబడి ఆ మనిషి వెళ్ళిపోయాడు. వారం తర్వాత అక్క రిపోర్టు నకలు తెచ్చి నాచేత చదివించుకుంది. 'స్థానికుల సహకారం లేదు, అర్జీ తిరస్కరించడమైనది' అని ఉంది. హదస్సక్క ఉన్న బస్తీలో సహకారం లేదట! ఆఫీసు మీద పడి కొట్లాడదామని చెప్పులు వేసుకున్నాను. వేసుకున్నాక తెలిసింది, మా గురించి వాళ్ళు రాసిన కాగితాలన్నిట్లో నిజం ఇదొక్కటే. సిగ్గుతో మళ్ళీ కూర్చుండిపోయాను.

అక్క కాగితం మడిచి చీర కొంగులో ముడి వేసుకుంది. "ఫ్లాటు మంచిగుందా తమ్ముడూ? గాలొస్తదా?" అని అడిగింది.

"వస్తదక్కా" అన్నాను.