ఓడ బాబాయి తువ్వాళ్లు

సముద్రం ఎటుందో తెలియని మా సెమిలిగుడలో ఓడ బాబాయి అని ఒకాయన ఉండేవాడు. విహార నౌకలో ఏళ్ల తరబడి బట్టలుతికి వచ్చాడు. ఆ ఓడ నలుగురు యజమానుల చేతులు మారింది. వచ్చినవాడల్లా ఓడకు కొత్త పేరు పెట్టి, తువ్వాళ్లు పలచన చేశాడు. బాబాయి ఒక్కొక్కరి హయాంలోది ఒక్కో తువ్వాలు తెచ్చుకుని, ఇంటికొచ్చినవాళ్లకు హోదాను బట్టి ఇచ్చేవాడు. బ్యాంకు మేనేజరుకు రెండోది, అల్లుడికి మూడోది. నాకెప్పుడూ నాలుగోదే. దాంతో తుడుచుకుంటే తడి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారేది. మొదటిది మాత్రం పెట్టె దాటలేదు.

"అయిదో ఓనరొస్తే నన్ను పిలవక ఏటి సేస్తాడ్రా? ఆ ఉతికే మిషన్లు నా మాటే ఇంటాయి" అని, ఫోను పక్కన పెట్టుకునే అన్నం తినేవాడు.

ఒకనాడు వాళ్లింట్లో భోంచేసి చేతులు కడుక్కుంటుంటే, ఓడలోని పాత స్నేహితుడు ఫోనులో పంపిన కబురు నన్ను చదవమన్నాడు. అయిదో యజమాని పాత ఇనుము వ్యాపారి.

"ఏటి పేరెట్టేడు?"

"పేరెట్టలేదు బాబాయ్. ఓడని ముక్కలుగా కోసేస్తన్నారంట."

బాబాయి లేచి, పెట్టె తీసి, మొదటి తువ్వాలు నా చేతిలో పెట్టాడు. "తుడుసుకో. ఇంకెవుడికి దాసాలి?"

ఇన్నేళ్లు మడతలోనే ఉండి అది అట్టలా బిగుసుకుపోయింది. చుక్క నీరు పీల్చలేదు.

"బలే మెత్తగుంది బాబాయ్" అన్నాను, వెనక్కి తిరిగి చేతులు లుంగీకి రాసుకుంటూ.