నాగరత్నం వెదురుకర్ర

పెనుమూడి దగ్గర కృష్ణకు వంతెన లేని రోజులవి. వేసవిలో నీళ్లు తగ్గి పడవలు ఆగిపోతే, రేపల్లె నుంచి అవతలి ఊళ్లకు చీరలు అమ్మబోయే నాగరత్నం నడిచే ఏరు దాటేది. నిన్న మోకాటి లోతున్న చోటును ఇవాళ నమ్మేది కాదు. బర్రెలు దాటిన దారినీ నమ్మేది కాదు. నెత్తిమీద చీరల మూటను ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతి వెదురుకర్రతో ఇసుకను పొడిచి చూసుకుంటూ, పాదం ఎత్తకుండా ఈడుస్తూ ఏటవాలుగా నడిచేది. అయినా నీళ్లకన్నా మనుషుల మీదే ఆమెకు అనుమానం ఎక్కువ.

ఒకరోజు రేవులో భట్టిప్రోలు రైతు పున్నయ్య తోడయ్యాడు. "మూట ఇటివ్వు అమ్మాయ్, చెయ్యి పట్టుకో," అన్నాడు. నాగరత్నం అతన్ని ఎగాదిగా చూసింది. "మూట నా దగ్గరే ఉండనివ్వండి బాబాయిగారూ. చేతులు పట్టుకుంటే ఒకరు జారినా ఇద్దరం పోతాం. నా వెనకే రండి, కాలు జారితే కర్ర అందిస్తాను," అంది. నడి ఏట్లో పున్నయ్య పక్కకు అడుగేసి ఊబిలో దిగబడ్డాడు. చూస్తుండగానే నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. ఆమె కర్ర అందించి ఒంటిచేత్తో లాగింది. అతను కదల్లేదు. అంతే, ఎడమచెయ్యి మూటను వదిలేసింది. రెండు చేతులా లాగి అతన్ని గట్టి ఇసుక మీదికి తెచ్చేసరికి చీరల మూట దిగువకు కొట్టుకుపోయింది.

ఒడ్డెక్కాక పున్నయ్య దణ్ణం పెట్టాడు. "నా కోసం మూట వదిలేశావు తల్లీ!"

నాగరత్నం కొంగు పిండుకుంటూ మూట పోయినవైపు చూసింది. తర్వాత అతని వైపు చూసింది.

"దిగువన మీవాళ్లెవరైనా కాపు కాస్తున్నారా అండి?" అంది.