కోడలి నోట గడ్డి పేరు

కొండల నడుమ నారిన్ పట్నం బజారులో ఎండు మూలికలు అమ్మే వరసలో అందరిదీ ఒకటే కేక. "కియిక్ ఓత్! పైకొండ మీద కోసిన కియిక్ ఓత్!" సైరకాన్ ఒక్కతే "జిట్టూ, జిట్టూ" అంటుంది. సరుకు మాత్రం అదే. అవే చిన్న ఊదా పూలు, అదే ఘాటు, దగ్గొస్తే టీలో వేసుకునే గడ్డే. కియిక్ అంటే కొండమేక, ఓత్ అంటే గడ్డి. అది ఇష్టంగా మేస్తుందని ఆ గడ్డికి ఆ పేరు. జిట్టూ అంటే వట్టి 'వాసనది' అని. ఆ గడ్డిని ఆ పేరుతో పిలిచే మనిషి భూమ్మీద ఇంకొకరు లేరు.

ఆమె మామగారి పేరు కియిక్‌బాయి. కోడలు మామ పేరు పలకకూడదు, ఆ పేరులో ముక్క కూడా పలకకూడదు. పంతొమ్మిదేళ్లకు ఆ ఇంట్లో అడుగుపెట్టిన వారానికే అత్తగారు "టీలో ఏం వేశావే?" అని అడిగింది. సైరకాన్ నోరు తెరిచి, నాలుక కరుచుకుని, "అదే, ఆ వాసనది" అంది. మూల కూర్చున్న మామగారు మీసం చాటున నవ్వాడు. ఆ శీతాకాలమే నిజం కొండమేక ఒకటి గొర్రెల దొడ్లోకి దిగితే, "కొమ్ములది వచ్చింది, కొమ్ములది!" అంటూ ఆమె పెట్టిన గోలకు ఇంటిల్లిపాదీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ముసలాయన చాలా ఏళ్లపాటు వచ్చినవాళ్లందరికీ ఆ ముచ్చట చెప్పేవాడు. "నా కోడలు కొత్త భాష కనిపెట్టింది" అనేవాడు.

పిల్లలు పుట్టలేదు. అత్తగారు పోయింది. ఇరవై ఆరేళ్లు కాపురం చేశాక భర్త తోలోముష్‌కు ఉన్నట్టుండి వారసుడు కావాల్సి వచ్చాడు. విడాకుల మాట అనేసి, మీరిమ్ అనే పడుచుపిల్లను పెళ్లాడి తెచ్చుకున్నాడు. వినేవాళ్లకు ఒళ్లు మండుతుంది గానీ సైరకాన్‌కు ఏమీ మండలేదు. పరుపు చుట్టుకుని నారిన్‌లో తమ్ముడింటికి వచ్చేసింది. ఏడవలేదు. ఆకలీ వేయలేదు. వేళకు తిని, వేళకు పడుకుని, తెల్లారితే బజారుకు వస్తోంది. ఇలా రెండేళ్లు గడిచాయి.

పక్క బల్ల మీద ఎండు పెరుగుండలు అమ్మే బాత్మా నోరు ఊరుకోదు.

"ఏమే సైరా, వాడు నిన్ను గెంటేసి రెండేళ్లయింది. ఇంకా ఎవరి కోడలివని ఈ వేషం? కియిక్ ఓత్ అని ఒక్క కేక వెయ్యి, సాయంత్రానికి నీ సంచీ ఖాళీ కాకపోతే నన్నడుగు."

"నోరు రాదే బాత్మా."

"నోరు రాదా, మనసు రాదా?"

సైరకాన్ కట్టలు సర్దుకుంది. మొద్దుబారిన మనసులో ఈ ఒక్కచోటే కాస్త చురుకు మిగిలింది. ఆ మాట అన్న రోజు తాను ఆ ఇంటికి ఏమీ కాదు. అననంతవరకు ఏదో ఒక పోగు తెగకుండా ఉన్నట్టే. ఆ పోగు ఉందో లేదో చెప్పాల్సినవాడు తోలోముష్ కాదు. ముసలాయనే.

ఎండలు ముదిరే రోజుల్లో తోలోముష్ ఫోన్ చేశాడు. "నాన్న మంచం పట్టాడు. నిన్ను చూడాలంటున్నాడు. వస్తావా?" వస్తానంది. మర్నాడు వ్యానెక్కి, మధ్యాహ్నానికి ఆ గుమ్మం ముందు దిగింది. లోపలికి వెళ్లి, కోడళ్ల అలవాటు ప్రకారం చేతులు కట్టుకుని మూడుసార్లు వంగి దండం పెట్టింది. ఆ నడుము దానంతటదే వంగింది. ముసలాయన పెదాలు కదిలాయి, దీవించాడు.

మీరిమ్ గిన్నె తెచ్చింది. "మామయ్యా, కియిక్ ఓత్ వేసి మరిగించాను, వేడిగా తాగు."

సైరకాన్ చెయ్యి సగం లేచింది, ఆ పిల్ల నోరు తనే మూసేట్టు. ముసలాయన అది చూశాడు. మీరిమ్ బయటికి వెళ్లాక, "దానికి నేర్పేవాళ్లు లేరులే" అన్నాడు. కాసేపు రొప్పాడు.

"వాడు చేసింది తప్పు సైరా. నేను అడ్డం పడలేదు, అది నా తప్పు."

"పోనీ మామయ్యా."

"నువ్వీ ఇంటి కోడలివి కావంటున్నారు ఊళ్లో. కాకపోతే నా పేరు చెప్పొచ్చు కదా? ఏదీ, చెప్పు. వింటాను."

ఇరవై ఆరేళ్లలో ఆయన అడిగినదానికి ఆమె కాదన్నది లేదు. నీళ్లంటే నీళ్లు, బూట్లంటే బూట్లు. మంచం మీదున్న మనిషి అడుగుతున్నాడు, కాదనడం ఎలా?

"కియిక్‌బాయి" అంది.

నాలుక కాలలేదు. ఏ దుకాణం మీదో రాసున్న పేరు చదివినట్టు తేలిగ్గా వచ్చేసింది. ఇన్నేళ్లూ తాను భయపడింది ఇంతేనా అనిపించింది. అప్పుడు ఆయన ముఖం చూసింది. ఆయన మీసం కింద ఒక నవ్వు సిద్ధంగా పెట్టుకుని ఉన్నాడు. "అయ్యో మామయ్యా, నా నోట ఎలా వస్తుంది" అని ఆమె అంటే నవ్వుదామని. ఆ నవ్వు రాలేదు. ఆయన కళ్లు మసకబారాయి.

కోడల్లా మాట విన్నది. ఆ వినడంతోనే కోడలు కాకుండా పోయింది. ఆ సంగతి ఆమెకు అప్పుడు తెలిసింది. మీరు అడిగారనే అన్నాను మామయ్యా, అని చెప్పాలనుకుంది. ఏడుపు వస్తుందేమోనని ఆగింది, అదీ రాలేదు.

ముసలాయన దుప్పటి గుండెల మీదికి లాక్కున్నాడు. ఆమెను ఏనాడూ నువ్వు తప్ప ఇంకో మాట అనని మనిషి, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లతో అన్నట్టు మర్యాదగా అన్నాడు.

"చాలా దూరం నుంచి వచ్చారు. టీ తాగి వెళ్లండి."