పెళ్ళికూతురి కారులో

నేను అయిదు దాకానే చదివానండి, తప్పులుంటే ఏమనుకోవద్దు. పోయినేడు ప్రత్తిపాడు దగ్గర మిరపకాయలు కోస్తుంటే మా ఆయన్ని పాము కరిచింది. కూలోళ్ళం అందరం కలిసి రోడ్డు మీదికి మోసుకొచ్చాం. ఎంత చెయ్యెత్తినా బండ్లు ఆగలేదు. చివరికి పూలు కట్టిన పెద్ద కారొకటి ఆగింది. లోపల తెల్ల పట్టుచీరలో పెళ్ళికూతురు, పెళ్ళికి చర్చికి పోతోంది. పక్కన వాళ్ళ పిన్ని.

"ఒళ్ళంతా మిరప దుమ్మే! చీర పాడైపోద్దే, పోనియ్ డ్రైవరూ" అని ఆవిడ అరిచింది.

"పిన్నీ, నువ్వు దిగి వెనక కారులో రా. అక్కా, ఎక్కండి తొందరగా" అంది ఆ పిల్ల.

తలుపేశాక మా బట్టల ఘాటుకి డ్రైవరుకీ ఆ పిల్లకీ ఒకటే తుమ్ములు, దగ్గు. ఆమె కాటుకంతా చెంపల మీదికి కారిపోయింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పిల్ల మాత్రం మా ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, "అన్నా, నిద్రపోవద్దు. నీ పిల్లల పేర్లు చెప్పు" అని దగ్గుతానే మాట్లాడిస్తా ఉంది.

ఆస్పత్రిలో ఆ కారు చూడగానే స్ట్రెచర్ తోసుకుంటా పరిగెత్తుకొచ్చారు.

"మీవాళ్ళా మేడం?"

"మావాళ్ళే. ముందు లోపలికి తీసుకెళ్ళండి."

మా ఆయన బతికాడు. మేం ఆటోలో వెళ్ళుంటే వాళ్ళు అట్టా పరిగెత్తుకొచ్చేవాళ్ళా? నాకు తెలీదు. మేం ఎవరమో కూడా అడక్కుండా కారు ఆపిన ఆ పిల్లని తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుందండి.